మందుచీటీలో "ఎస్.ఓ.ఎస్." అని రాశారు, అంటే అర్జెంటా?

పెరంబూరు కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తగారిని మోకాళ్ళ నొప్పులకి సూళ్ళూరుపేట నుంచి తీసుకొచ్చి ఇక్కడ చెన్నైలో చూపించాం. చీటీలో మూడు మందులున్నాయి. ఒకదాని పక్కన ఓ.డి. అని, ఇంకోదాని పక్కన బి.డి., పి.సి. అని ఉంది. మూడోది పారాసెటమాల్ 650. దాని పక్కన ఎస్.ఓ.ఎస్. అని రాసి చుట్టూ సున్నా చుట్టారు.

అది చూసిన దగ్గర్నుంచీ మా మామగారికి ఒకటే టెన్షన్. ఆయన ఇక్కడే హార్బర్లో పనిచేసి రిటైరయ్యారు. ఎస్.ఓ.ఎస్. అంటే ఓడ మునిగిపోతోందని ఆయన లెక్క. "అంత ముదిరిపోయిందా? నాకు చెప్పకుండా దాస్తున్నారా?" అని నన్నూ మా ఆయన్నీ వరసపెట్టి నిలదీస్తున్నారు. మందుల షాపబ్బాయిని అడిగితే "వలిచ్చా మట్టుం పోడుంగ" అన్నాడు. నొప్పొస్తేనే వేసుకోమని అర్థమైంది. మరి ఆ మాత్రం దానికి ఎస్.ఓ.ఎస్. ఏంటి? తెలిసినవాళ్ళు చెప్తే ఆయనకి చదివి వినిపిస్తా.

పులిబొంగరం

సేవ్ అవర్ సోల్స్. రోజుకి నూటయాభైమంది మోకాళ్ళు చూసీ చూసీ డాక్టరుగారే మొరపెట్టుకున్నట్టున్నారు పాపం.

కాంపౌండరుగారబ్బాయి

మామగారికి కంగారు పడొద్దని చెప్పమ్మా. ఈ ఎస్.ఓ.ఎస్. వేరు, ఓడల ఎస్.ఓ.ఎస్. వేరు. చీటీలో రాసేది లాటిన్. "సి ఓపుస్ సిట్" అనే మూడు మాటల మొదటి అక్షరాలు. అవసరమైతే అని అర్థం. నొప్పుంటే వేసుకో, లేకపోతే ఊరుకో. ఆ చీటీలో ఉన్న మూడింటిలో అన్నిటికంటే అర్జెంటు లేని మందు అదే.

ఓడలదాన్ని 1906లో బెర్లిన్‌లో జరిగిన రేడియో టెలిగ్రాఫ్ సమావేశంలో ఖాయం చేశారు. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు. మోర్స్‌లో కొట్టడం తేలిక, వినేవాడు పొరబడే వీల్లేదు, అందుకని పెట్టుకున్నారు. దాని వెనక మాటలేమీ లేవు. పైన పులిబొంగరం చెప్పిన "సేవ్ అవర్ సోల్స్" జనం తర్వాత అతికించింది. హార్బర్లో చేసిన మనిషి కాబట్టి మామగారికి చుక్కలూ గీతలూ వెంటనే అర్థమవుతాయి.

మిగతావి కూడా చెప్పేస్తా, మళ్ళీ ఇంకొకరు అడక్కుండా. ఓ.డి. అంటే "ఓమ్ని డియే", రోజుకొకసారి. బి.డి. "బిస్ డియే", రోజుకి రెండుసార్లు. టి.డి.ఎస్. "టెర్ డియే సుమెందుమ్", రోజుకి మూడుసార్లు తీసుకోవలసినది. హెచ్.ఎస్. "హోరా సోమ్ని", పడుకునే వేళ. పి.సి. "పోస్ట్ కిబుమ్", తిన్నాక. ఏ.సి. "ఆంటె కిబుమ్", తినకముందు. నిజంగా అర్జెంటైతే రాసేది "స్టాట్". అది "స్టాటిమ్" అనే మాటకి పొట్టిరూపం, తక్షణం అని. అలాంటిది ఎక్కువగా ఆసుపత్రి వార్డులో కేసుషీటు మీద కనిపిస్తుంది, ఇంటికిచ్చే చీటీలో అరుదు.

పులిబొంగరం

ఏ.సి. విషయంలో మా బాబాయి ఒకాయన ఉన్నాడు. మే నెలలో గ్యాసుకి మాత్ర రాసి పక్కన ఏ.సి. అని పెడితే, చల్లటి గదిలో కూచుని వేసుకోవాలేమో అని పక్కింటికెళ్ళి వేసుకొచ్చేవాడు. వాళ్ళూ మర్యాదకి కాఫీ ఇచ్చేవాళ్ళు. గ్యాసు తగ్గలేదు మరి.

అంబత్తూరు 101

మా డాక్టరు ఇవేవీ రాయడు. 1-0-1 అంటాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం సున్నా, రాత్రి ఒకటి. మాబోటి కోడింగ్ బతుకులకి భలే హాయి. ఇంత తేలికైన దారి ఉండగా ఎవరికీ రాని భాషలో ఎందుకు రాయాలో నాకర్థం కాదు. రోమన్లు పోయారు, వాళ్ళ సామ్రాజ్యం పోయింది, చెన్నైలో మోకాలి నొప్పికి మాత్రం వాళ్ళ భాషే దిక్కు. ఇది కావాలని చేసే దాపరికం అనే నా అనుమానం. మనకి అర్థమైతే వాళ్ళకి విలువ తగ్గుతుందని.

లజ్ కార్నర్

అంబత్తూరు గారూ, మీ అనుమానం కొత్తదేం కాదు. లండన్ వైద్యుల కాలేజీ 1618లో మందుల తయారీ గ్రంథం వేసింది, మొత్తం లాటిన్‌లో. నికోలస్ కల్పెపర్ అనే మూలికా వైద్యుడు 1649లో దాన్ని ఇంగ్లీషులోకి దింపి అచ్చేసి జనం చేతిలో పెట్టాడు. కాలేజీ వాళ్ళు మండిపడ్డారు. ఆయన వాదన అచ్చం మీదే: రోగికి అర్థం కాకుండా ఉంచి డబ్బు చేసుకుంటున్నారని. ఆ తర్వాత కూడా అధికారిక గ్రంథం రెండు వందల ఏళ్ళకి పైగా లాటిన్‌లోనే నడిచింది. 1864లో మొదటి బ్రిటిష్ ఫార్మకోపియా వచ్చినప్పుడు గానీ ఇంగ్లీషులోకి మారలేదు.

అయితే దాపరికం ఒక్కటే కారణం అనుకోవడం అన్యాయం. అప్పట్లో యూరప్‌లో వైద్యం చదివినవాడెవడైనా లాటిన్‌లోనే చదివాడు. ఇటలీలో పాడువాలో చదివి వచ్చినవాడు రాసిన చీటీ లండన్ అంగడివాడికి అర్థం కావాలంటే ఉమ్మడి భాష ఒకటుండాలి. మనకి పంచాంగం ఉన్నట్టే. రాజమండ్రిలో రాసినా కంచిలో రాసినా తిథి, వారం, నక్షత్రం అవే మాటలు.

కాంపౌండరుగారబ్బాయి

లజ్ కార్నర్ గారు చెప్పింది సరే. కానీ అసలు సంగతి ఒకటుంది, అది మందులు కట్టిచ్చినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ లాటిన్ రోగి కోసం రాసింది కాదు. డాక్టరు మందు కట్టేవాడితో మాట్లాడే మాట అది. చీటీ మొదట్లో ఆర్ అక్షరం కాలికి అడ్డగీత కొట్టి ఒక గుర్తు ఉంటుంది చూడండి. మందుల షాపు బోర్డుల మీద కూడా వేస్తారు. అది "రెసిపె" అనే లాటిన్ మాట. "తీసుకో" అని ఆజ్ఞ. ఎవరికి? మాత్ర మింగే అత్తగారికి కాదు, అంగడివాడికి. ఫలానా పొడి ఇంత తీసుకో, ఫలానా అర్కం ఇంత తీసుకో, కలుపు అని. వంటింట్లో మనం రెసిపీ అంటున్నది ఈ మాటే. ఇంగ్లీషులో అది ముందు మందుచీటీకే పేరు, వంటలోకి తర్వాత వచ్చింది.

చీటీ చివర్న ఇంకో మాట ఉండేది, "సిగ్నా". గుర్తు వెయ్యి, అంటే సీసా మీద రాయి అని. రోగి ఎన్నిసార్లు, ఎలా వాడాలో సిగ్నా పక్కన ఉండేది. దాన్ని రోగికి తెలిసే మాటలో సీసాకి అతికించడం అంగడివాడి పని. లాటిన్ అంగడి గడప దాటి బయటికి రాకూడదన్నమాట, రోగి చేతికి వచ్చేసరికి అది వాళ్ళ భాషలోకి మారిపోవాలి.

మా నాన్న గూడూరులో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. ఎర్రటి మిక్చరు కలిపి సీసాలో పోసేవాడు. తెల్లకాగితం నిలువుగా మడిచి, అంచున కత్తెరతో గంట్లు పెట్టి, అన్నం మెతుకుతోనో మైదా జిగురుతోనో సీసాకి అతికించేవాడు. పైన గంటు నుంచి కింద గంటు దాకా ఒక మోతాదు. చదువు రాని ముసలమ్మకి కూడా "ఈ గంటు దాకా పొద్దున, ఈ గంటు దాకా మాపున" అని వేలు పెట్టి చూపించేవాడు. డాక్టరుగారి చీటీలో టి.డి.ఎస్. అని ఉండేది. ఆ ముసలమ్మకి ఆ అక్షరాలతో పనే లేదు.

ఇప్పుడేమైంది? మాత్రలు కంపెనీ నుంచి రేకుల్లో వస్తున్నాయి. కలిపేది లేదు, కట్టేది లేదు. చీటీ నేరుగా రోగి చేతికొచ్చింది, అందులో మాత్రం పాత భాష అలాగే ఉండిపోయింది. మధ్యలో మార్చి చెప్పే మనిషి జారిపోయాడు. నా షాపులో నేను కవరు మీద రాసిస్తాను. సాలిగ్రామంలో సగంమంది తెలుగువాళ్ళే కాబట్టి తెలుగులోనే రాస్తాను. సాయంత్రం ఏడింటికి రద్దీలో పదిమంది చేతులు చాచి నుంచున్నప్పుడు నేనైనా గీతలు గీసి ఇచ్చేస్తానని ఒప్పుకోవాలి.

అంబత్తూరు 101

ఇది మాత్రం నాకు కొత్త. అంటే మెషీన్‌కి రాసిన కోడు ప్రింటు తీసి కస్టమర్ చేతిలో పెట్టినట్టు.

తిరువల్లిక్కేణి టీకొట్టు

ఆ ఆర్ గుర్తు రోమన్ దేవుడు జూపిటర్ గుర్తనీ, ఈజిప్టు హోరస్ కన్ననీ విన్నానే?

లజ్ కార్నర్

అందంగా ఉంది కాబట్టి తిరుగుతోంది ఆ కథ. పాత చేతిరాత ప్రతుల్లో ఏ మాటనైనా కుదించి రాస్తే అక్షరం మీద అడ్డగీత కొట్టడం అలవాటు. ఆర్ మీదా అదే కొట్టారు. కన్నూ లేదు, దేవుడూ లేడు.

గంగిగోవు

మీరందరూ లాటిన్ లాటిన్ అంటున్నారు. అది మన సంస్కృతమే కదా. బిస్ అంటే ద్విః, టెర్ అంటే త్రిః. దేవభాష నుంచి పుట్టనిది ఏదీ లేదని మా గురువుగారు ఎప్పుడో చెప్పారు. మన తెలుగూ అంతే, లాటినూ అంతే.

లజ్ కార్నర్

గంగిగోవు గారూ, పోలిక మీరు సరిగ్గానే పట్టారు. చుట్టరికం దగ్గరే కాస్త సర్దుకోవాలి. సంస్కృతం, లాటిన్ తల్లీ కూతుళ్ళు కావు, అక్కాచెల్లెళ్ళు. ఇద్దరి తల్లి అంతకు ముందుది, రాత లేకుండానే పోయింది.

పోలికలు మాత్రం ఈ మందుచీటీలో ఎన్నున్నాయో చూడండి. హోరా సోమ్ని లోని సోమ్నుస్, మన స్వప్నం ఒకే వేరు నుంచి వచ్చాయి. వాళ్ళకి నిద్ర, మనకి నిద్రలో వచ్చేది. డియే అంటే రోజు, దివసం దానికి దగ్గరి చుట్టం. ఇంగ్లండు, అమెరికాల్లో ఎస్.ఓ.ఎస్. బదులు పి.ఆర్.ఎన్. రాస్తారు, "ప్రో రే నాటా", పుట్టుకొచ్చిన పరిస్థితిని బట్టి అని. ఆ నాటా మన జాత. నవజాత శిశువు అంటామే, ఆ జాత.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది పెరంబూరు కోడలు గారు అడిగిన ఎస్.ఓ.ఎస్. చివర్న ఉన్న "సిట్". ఉండేట్లయితే అనే అర్థంలో వాడే క్రియ. సంస్కృతంలో సరిగ్గా దానికి సాటి రూపం "స్యాత్". జైనుల స్యాద్వాదంలో ఉన్నది ఇదే. ఒక విధంగా చూస్తే ఇలా కావచ్చు అని ఎటూ ఖాయంగా తేల్చకుండా చెప్పే వాదం. మోకాలి మాత్ర మీద కూడా అదే ధోరణి: అవసరం ఉండేట్లయితే.

హోరా సంగతి ఇంకో మెలిక. అది లాటిన్‌లోకి గ్రీకు నుంచి వచ్చింది. మన జ్యోతిష్యంలో శుక్రహోర, గురుహోర అంటామే, ఆ హోర కూడా గ్రీకు నుంచే వచ్చిందని పండితులు ఎక్కువమంది చెప్తారు. వరాహమిహిరుడు మాత్రం బృహజ్జాతకంలో "అహోరాత్ర" అనే మాటలో ముందక్షరం, వెనకక్షరం పోతే హోర అవుతుందని కొందరంటారని రాశాడు. ఎలా చూసినా మాంబలంలో పంచాంగం చూసే సిద్ధాంతిగారూ, గ్రీమ్స్ రోడ్డులో హెచ్.ఎస్. రాసే డాక్టరుగారూ వాడుతున్నది ఒకే మాట.

ఇక తెలుగు. తెలుగు ఈ కుటుంబానికి చెందదు. స్వప్నం, దివసం మనం తెచ్చుకున్నవి. కల, పగలు మనింటివి. ఈ సంగతి సాక్ష్యాలతో మొదట అచ్చులో పెట్టింది ఈ ఊళ్ళోనే, 1816లో. మద్రాసు కలెక్టరుగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ ధాతువుల పట్టికలు పక్కపక్కన వేసి చూపించాడు. ఈ సంగతికి పేరు మోసిన కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం 1856లో వచ్చింది, అంటే నలభై ఏళ్ళ తర్వాత. మెరీనాలో విగ్రహం కాల్డ్‌వెల్‌కే ఉంది. ఎల్లిస్‌ని తల్చుకునేవాడు లేడు. అది వేరే కథ, ఇంకోసారి.

గంగిగోవు

అక్కాచెల్లెళ్ళే అనుకుందాం. పెద్దది ఎవరో మాత్రం నన్నడగొద్దు, నా మాట నాదే.

వేదిక పెద్ద

భాషాకుటుంబాల పంచాయతీ ఇదివరకు ఇక్కడ పెట్టి వారం రోజులు నిద్రపోనివ్వలేదు మీరు. మందుచీటీకి రండి.

డ్యూటీ డాక్టరమ్మ

రాత్రి డ్యూటీ అయ్యాక ఇప్పుడే చూశాను. డాక్టర్ల తరఫున కొంత, డాక్టర్ల మీద కొంత చెప్తాను.

ఓ.పి.లో ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు దొరకడమే గగనం. బి.డి. అని రెండక్షరాలు కొట్టడం చేతికి అలవాటైపోయింది. మాకు కాలేజీలో లాటిన్ ఎవరూ నేర్పలేదు. "సి ఓపుస్ సిట్" అని పూర్తిగా చెప్పమంటే మా బ్యాచ్‌లో సగంమంది నోరెళ్ళబెడతారు. సీనియర్లు రాశారు, మేం రాస్తున్నాం. దాపరికం అనేంత పథకం ఏమీ లేదు.

కానీ ఎస్.ఓ.ఎస్. అని ఒట్టిగా రాసి వదిలెయ్యడం తప్పే. అవసరమైతే సరే, దేనికి అవసరమైతే? నొప్పికా, జ్వరానికా, నిద్ర పట్టకపోతేనా? ఒకసారి వేసుకున్నాక మళ్ళీ ఎంతసేపటికి? రోజు మొత్తానికి ఎన్నింటికి మించకూడదు? ఈ మూడూ లేకపోతే అది సగం చీటీయే. పారాసెటమాల్ పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. వయసు మళ్ళినవాళ్ళకి, బాగా సన్నగా ఉన్నవాళ్ళకి, కాలేయం సరిగా లేనివాళ్ళకి ఇంకా తగ్గిస్తాం. ఇంకో చిక్కేంటంటే, జలుబుకి షాపులో కొనుక్కునే చాలా మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. మోకాలికి ఇది, జలుబుకి అది అని రెండూ వేసుకుంటే లెక్క తెలియకుండానే పెరిగిపోతుంది. కోడలు గారూ, మీ డాక్టరుగారిని ఆ మూడు ప్రశ్నలూ అడిగి చీటీ మీదే రాయించుకోండి. మొహమాటపడొద్దు.

ఓ.డి. ఇంకా ప్రమాదం. మనకి, ఇంగ్లండులో రోజుకొకసారి. అమెరికాలో, కంటి వైద్యంలో "ఓకులుస్ డెక్స్‌టెర్", కుడికన్ను. అమెరికా ఆసుపత్రులకి గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టిరాతల పట్టిక ఒకటి పెట్టింది. వాళ్ళు రోజుకొకసారికి రాసే క్యూ.డి. అందులో ఉంది. రోజు విడిచి రోజు అని రాసే క్యూ.ఓ.డి. కూడా ఉంది, ఎందుకంటే చేతిరాతలో రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. యూనిట్లకి ఒట్టి యు రాయడం కూడా నిషేధం. ఇన్సులిన్ 10 పక్కన యు పెడితే అది సున్నాలా కనపడి 100 అయిపోయిన సందర్భాలున్నాయి.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ అని ఒక మాత్ర ఇస్తాం. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు. అందుకే నేను దాని పక్కన అక్షరాలేవీ రాయను. "ఆదివారం మాత్రమే" అని ఇంగ్లీషులో పూర్తిగా రాస్తాను, నోటితో తెలుగులోనూ తమిళంలోనూ చెప్తాను. ఈ ఒక్క మందు ఎవరింట్లో ఉన్నా, చీటీ మీద రోజు పేరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

అంబత్తూరు 101

మేడమ్, 1-0-1 అని అందరూ రాస్తే ఈ గొడవ తీరదా?

డ్యూటీ డాక్టరమ్మ

రోజుకి మూడు పూటల లోపలివాటికి బాగానే ఉంటుంది. ఎనిమిది గంటలకొకసారి కచ్చితంగా పడాల్సిన యాంటీబయాటిక్‌కి చాలదు. జనం పొద్దున తొమ్మిదికి, ఒంటిగంటకి, రాత్రి తొమ్మిదికి వేసుకుంటారు. ఎస్.ఓ.ఎస్.కి అసలే కుదరదు. వారానికొకటికి ఎలా రాస్తారు?

పరగడుపు

మా తాతగారు నాటువైద్యం చేసేవారు, కాబట్టి నా వంతు ఒక మాట. ఏ.సి., పి.సి. చూసి అబ్బురపడుతున్నారు గానీ, సుశ్రుతుడు మందు వేసే వేళలు పది చెప్పాడు. తినకముందు వేస్తే ప్రాగ్భక్తం, తిన్నాక అధోభక్తం, భోజనం మధ్యలో అయితే మధ్యేభక్తం, ఏమీ తినకుండా మందొక్కటే అయితే అభక్తం. ముద్దలో కలిపి మింగితే గ్రాసం, ముద్దకీ ముద్దకీ మధ్య అయితే గ్రాసాంతరం. మాటిమాటికీ వేస్తే ముహుర్ముహుః. ఎక్కిళ్ళకీ, దగ్గుకీ, ఆయాసానికీ అలా చెప్పాడు. మీ ఎస్.ఓ.ఎస్.కి మన పాతవాళ్ళలో దగ్గరగా వచ్చేది అదొక్కటే అనిపిస్తుంది నాకు.

తాతగారు మాత్రం ఈ సంస్కృతం ఏదీ రోగి ముందు వాడేవారు కాదు. "పరగడుపున తేనెతో", "పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలతో", అంతే. పథ్యం సంగతి మాత్రం రెండుసార్లు చెప్పేవారు, వంకాయ పేరెత్తితే మూడోసారి.

తిరువల్లిక్కేణి టీకొట్టు

మా పేటకి ఒక గొప్ప ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెప్తా. 1868లో ఇండియా కోసం ప్రత్యేకంగా ఫార్మకోపియా వేశారు, వేరింగ్ అనే ఆయన సంపాదకుడు. పుస్తకం బాగానే ఉంది గానీ అందులో ఉన్న మూలికని బజారులో ఏమని అడగాలి? ఆ పని చేసింది మద్రాసువాడు, మొయిదీన్ షరీఫ్. తిరువల్లిక్కేణి డిస్పెన్సరీలో పనిచేసిన వైద్యుడు. 1869లో దానికి అనుబంధ గ్రంథం వేశాడు. ఒక్కో మందు మొక్కకీ లాటిన్ పేరు పక్కన తమిళం, తెలుగు, దక్కనీ, మలయాళం, కన్నడం ఇలా మన భాషల్లో ఏమంటారో ఇచ్చాడు. బజారుల్లో ఒక పేరుకి ఇంకో సరుకు అంటగట్టేస్తున్నారని ఆయన బాధ. కాంపౌండరుగారబ్బాయి అన్న "మధ్యలో మార్చి చెప్పే మనిషి" ఆయనే అనుకోవచ్చు. ఆ పుస్తకం స్కాన్ నెట్‌లో దొరుకుతుంది. తెలుగు పేర్లు చూస్తూ కూచుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది.

కాంపౌండరుగారబ్బాయి

ఇది నాకు తెలియదు సుమా. చూస్తాను.

పెరంబూరు కోడలు

అందరికీ చాలా థ్యాంక్స్. డాక్టరమ్మ చెప్పినట్టే వెళ్ళి అడిగాం. విసుక్కోకుండా రాసిచ్చారు: మోకాలి నొప్పికి మాత్రమే, మాత్రకీ మాత్రకీ ఆరు గంటలు, రోజుకి మూడింటికి మించొద్దు. మామగారికి ఇదంతా చదివి వినిపించా. బెర్లిన్ దాకా బాగానే విన్నారు. స్యాత్ దగ్గర నిద్రపోయారు.

అన్నట్టు షాపువాళ్ళు ఇచ్చిన కవరు మీద కాలై, మదియం, ఇరవు అని తమిళంలో అచ్చేసి టిక్కులు పెట్టడానికి గళ్ళున్నాయి. మా అత్తగారికి తమిళం మాటలు వస్తాయి, రాత రాదు. నేను పైన పెన్నుతో సూర్యుడు, నెత్తి మీద సూర్యుడు, చందమామ గీసిచ్చా. "నన్ను చంటిపిల్లని చేశావే" అన్నారు గానీ దాని ప్రకారమే వేసుకుంటున్నారు.

పులిబొంగరం

చందమామ హోరా సోమ్ని. కోడలుగారు లాటిన్‌లో పాసైపోయారు.

అంబత్తూరు 101

2016లో మెడికల్ కౌన్సిల్ నియమాలు మార్చి, మందుల పేర్లు జెనరిక్‌లో, చదవడానికి వీలుగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమంది కదా. దాని తర్వాత పేర్లయితే కాస్త మెరుగుపడ్డాయి, కంప్యూటర్ ప్రింట్లూ వచ్చాయి. కానీ ప్రింటులో కూడా బి.డి., హెచ్.ఎస్. అనే వస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళలో మా కంపెనీ మిత్రులే ఇద్దరున్నారు. డాక్టరు బి.డి. అని కొట్టినా రోగి కాపీలో "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి" అని రోగి భాషలో రావడం ఒక పూట పని. రేపు అడిగి చూస్తాను ఎందుకు పెట్టలేదో.

కాంపౌండరుగారబ్బాయి

అడుగు నాయనా. సిగ్నా మళ్ళీ వచ్చినట్టే.

కొరుక్కుపేట రైలు

నేను లేటుగా వచ్చాను, నాదీ ఒక చీటీ ప్రశ్నే. మా నాన్నకి ఎగ్మూరు వైపు కళ్ళు చూపించాం. అద్దాల చీటీలో ఓ.డి. అని ఒక వరస, ఓ.ఎస్. అని ఇంకో వరస ఉన్నాయి. పైన డాక్టరమ్మ చెప్పాక ఓ.డి. కుడి అని తెలిసింది. మరి ఓ.ఎస్. ఎడమా? చుక్కల మందు చీటీలో మాత్రం ఓ.యు., కింద జి.టి.టి. అని ఉంది.

లజ్ కార్నర్

ఓ.ఎస్. ఎడమే, "ఓకులుస్ సినిస్టెర్". ఇంగ్లీషులో చెడ్డదానికి వాడే సినిస్టర్ అదే మాట. విచిత్రమేంటంటే పాత రోమన్లకి శకునాల్లో ఎడమవైపు మంచిదే, చెడు అనేది తర్వాత గ్రీకుల ప్రభావంతో అంటుకుంది. మనవాళ్ళు ఈ విషయంలో తెలివిగా ఉన్నారు, ఎడమకన్ను అదిరితే ఆడవాళ్ళకి మంచిది, కుడికన్ను అదిరితే మగవాళ్ళకి మంచిదని పంచేశారు. డెక్స్‌టెర్‌కి మన దక్షిణం చుట్టం. తూర్పుకి తిరిగి నిలబడితే కుడిచెయ్యి వైపు ఉండేది దక్షిణం.

డ్యూటీ డాక్టరమ్మ

ఓ.యు. అంటే రెండు కళ్ళకీ. జి.టి.టి. అంటే చుక్కలు, లాటిన్‌లో "గుట్టా". దాని పక్కన ఉన్న అంకె ఎన్ని చుక్కలో చెప్తుంది. కంట్లో ఒక చుక్క కంటే ఎక్కువ నిలవదు, మిగతాది చెంప మీదికి కారిపోతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగి వెయ్యండి. వేశాక కన్ను మూసి, ముక్కు పక్క మూల మీద వేలితో రెండు నిమిషాలు మెత్తగా నొక్కి ఉంచమనండి, మందు గొంతులోకి దిగిపోకుండా ఉంటుంది. రోజుకి ఎన్నిసార్లో ఆ వరస చివర్న ఉంటుంది, ఏం రాశారు?

కొరుక్కుపేట రైలు

క్యూ.ఐ.డి.

డ్యూటీ డాక్టరమ్మ

నాలుగుసార్లు. సీసా మూత తీసిన రోజు తేదీ సీసా మీద రాసిపెట్టండి. చాలా చుక్కల మందులు తెరిచాక నెలకి పారెయ్యాలి, మీదాని అట్ట మీద ఎంతని ఉందో చూడండి.